చూపునకు విలువ కట్టుట ఎట్లు?



మన గ్రామములలో ఏ వీధికి పోయినను ఏదో ఒక ఇంటి అరుగుపై చేతికఱ్ఱ ప్రక్కన పెట్టుకొని కూర్చున్న ముసలమ్మ కనిపించును. పలుకరించినచో గొంతునుబట్టి మనిషిని గుర్తించును. “కంటికి పొర వచ్చినది నాయనా, ఈ వయసులో నాకిక చూపెందుకు?” అనును. ఇంటివారును ఆ మాటకే తలయూపుదురు. ఆమె కుళాయి వద్దకు పోలేదు, పొయ్యి రాజేయలేదు, పెరటిలోనికి పోవలెనన్నను ఎనిమిదేండ్ల మనుమరాలు చేయిపట్టి నడిపింపవలెను. తల్లిదండ్రులు కూలికి పోయిన దినమున ఆ మనుమరాలు బడి మానును. చూపు పోయినది ఒకరికి. నష్టము కలిగినది ఇద్దరికి.

శుక్లము వలన పోయిన చూపు చాలవరకు తిరిగి వచ్చును. మసకబారిన సహజ కటకమును తీసివేసి, దానిచోట చిన్న లెన్సును అమర్చుట నేడు కొలది నిమిషములలో ముగియు శస్త్రచికిత్స. అట్లయిన ఆ ముసలమ్మ ఇంకను అరుగుమీద ఏల కూర్చుండవలెను? వైద్యము లేకనా? ధనము లేకనా? లేక ఆమెను అచటికి చేర్చువారు లేకనా? ఈ ప్రశ్నకు జీవితమంతయు సమాధానము వెదకిన ఒక వైద్యుని కృషిని, దానినుండి పంచాయతీలు గ్రహింపదగిన పాఠములను ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

సమస్య ఎంత పెద్దది?

ఆంధ్రప్రదేశములో 1996 మొదలు 2000 వరకు జరిగిన నేత్రవ్యాధుల సర్వేలో, అన్ని వయసులవారిని కలిపి చూడగా నూటికి 1.84 మంది అంధులని తేలినది. 2,000 జనాభాగల గ్రామమునకు లెక్కించినచో సుమారు ముప్పదియేడుగురన్నమాట. వారిలో నూటికి అరువదిమందికి కారణము శుక్లమో, సరియైన కంటద్దములు లేకపోవుటయో. అనగా ప్రతి ఐదుగురిలో ముగ్గురు తప్పించుకొనదగిన చీకటిలో ఉండిరి. తరువాత 2015–19 మధ్య జరిగిన దేశవ్యాప్త సర్వేలో, యాబదియేండ్లు దాటినవారిలో నూటికి దాదాపు ఇద్దరు అంధులనియు, వారిలో మూడింట రెండువంతులమందికి శుక్లమే కారణమనియు తేలినది.

ఇట్టి సమస్యను ఎవరు తీర్పవలెను? ప్రభుత్వము తీర్పవలెనని మనమందుము. అది న్యాయమే. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము 1976లోనే ఆరంభమైనది. కాని పల్లెలు లక్షలు, కంటివైద్యులు కొలదిమంది. వారిలోను పెక్కుమంది పట్టణములందే ఉందురు. ఇక వ్యాపారి ఆసుపత్రిని పెట్టునా యనిన, చెల్లింపగలవారు ఉన్నచోటనే పెట్టును. దాత ముందుకు వచ్చినచో, ఆయన ఔదార్యము ఉన్నంతకాలమే ఆ సేవ నిలుచును. వర్ధమాన దేశములన్నిటిలోను ఈ మూడింటి నడుమ ఒక ఖాళీ ఏర్పడియున్నది. ఆ ఖాళీలోనే మన ముసలమ్మ కూర్చున్నది.

సంఘహిత వ్యవస్థాపకుడు ఎవరు?

ఆ ఖాళీని పూరించుటకు పూనుకొనిన వారిని ఇటీవలి కాలమున ‘సోషల్ ఎంట్రప్రెన్యూర్లు’ అనుచున్నారు. మేము ఈ వ్యాసమున వారిని సంఘహిత వ్యవస్థాపకులని పిలుతుము. అమెరికా దేశస్థుడైన బిల్ డ్రేటన్ ఇట్టివారిని గుర్తించి తోడ్పడుటకు 1980లో ఒక సంస్థను స్థాపించి, దానికి మన అశోక చక్రవర్తి పేరు పెట్టెను. పేరు క్రొత్తదైనను పని క్రొత్తది కాదు.

వీరికిని తక్కినవారికిని భేదమేమి? వర్తకుడు ఖర్చును లెక్కించి, లాభమును ఇంటికి గొనిపోవును. దాత లాభమును కోరడు. కాని ఖర్చు లెక్కించుట దానధర్మమునకు తగదని తలచును. సంఘహిత వ్యవస్థాపకుడు వర్తకునివలె పైసాపైసా లెక్కించును. దాతవలె మేలును పేదవానికే చేర్చును. మిగులు వచ్చినచో దానిని మరల అదే పనిలో పెట్టును. కావుననే ఆయన లేనినాడును పని నిలుచును.

సంఘప్రయోజనమనగా నేమి? శస్త్రచికిత్సకు ఇంతయని ధర చెప్పవచ్చును. కాని ముసలమ్మ తానై పెరటికి నడిచిపోవుట, బియ్యములోని రాళ్లు ఏరుట, మనుమరాలు మరల బడికి పోవుట, కొడుకు దిగులు లేక కూలికి పోవుట—ఇవి ఏ బిల్లులోను వ్రాయబడవు. బిల్లులో కనబడక, ఇంటిలో కనబడు ఈ మేలే సంఘప్రయోజనము. దానిని ఎక్కువమందికి, తక్కువ ఖర్చుతో, చిరకాలము కలిగించుటయే వ్యవస్థాపకుని పని.

వ్రేళ్లు వంకరపోయిన వైద్యుడు

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారు 1918 అక్టోబరు 1వ తేదీన తమిళదేశమందలి వడమలాపురము అను చిన్న గ్రామమున రైతు కుటుంబములో జన్మించిరి. బంధువులలో కొందరు స్త్రీలు కాన్పు కష్టములతో మరణించుట బాల్యముననే చూచి, తాము ప్రసూతి వైద్యులు కావలెనని నిశ్చయించుకొనిరి. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి, సైన్యమున వైద్యులుగా పనిచేయు కాలమున కీళ్లవాతము వారిని పడవేసినది. చాలకాలము మంచము పట్టిరి. వ్రేళ్లు వంకరపోయినవి. ప్రసూతి వైద్యము ఇక సాధ్యము కాలేదు.

అప్పుడు వారు నేత్రవైద్యమును చేపట్టిరి. వంకరవ్రేళ్లకు అనువుగా పనిముట్లు చేయించుకొని, కంటి శస్త్రచికిత్సను అభ్యసించిరి. ఆ చేతులతోనే జీవితకాలమున లక్షకు పైబడిన శస్త్రచికిత్సలు చేసిరి. మధుర ప్రభుత్వ వైద్యకళాశాలలో నేత్రవైద్య శాఖకు అధిపతులై, పల్లెలలో కంటి శిబిరములు జరిపించిరి. 1973లో పద్మశ్రీ బిరుదమును పొందిరి. 1976లో, ఏబదియెనిమిదవ యేట, ప్రభుత్వ ఉద్యోగమునుండి విరమించిరి.

ఆ వయసున పెక్కుమంది విశ్రాంతి కోరుకొందురు. వెంకటస్వామిగారు మధురలో ఒక ఇంట పదకొండు పడకలతో ‘అరవింద్’ అను కంటి ఆసుపత్రిని ఆరంభించిరి. చెల్లెలును, ఆమె భర్తయు, తక్కిన బంధువులలోని వైద్యులును వారితో చేరిరి. పెట్టుబడికి ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చినది. ఆనాడే ఒక నియమము ఏర్పరచుకొనిరి: చెల్లింపగలవారు చెల్లింతురు, లేనివారికి ఉచితము, ఇద్దరికిని వైద్యము ఒకటే.

ఉచితమునకు డబ్బు ఎచటిది?

ఈ ప్రశ్న పంచాయతీ సభ్యులు తప్పక అడుగవలసినది. అరవింద్ ఆసుపత్రి నిత్యవ్యయమునకు విరాళములపై ఆధారపడలేదు. చెల్లించు రోగుల రుసుమునుండి వచ్చిన మిగులుతో, ఉచితముగ వచ్చువారి ఖర్చును భరించినది. క్రొత్త ఆసుపత్రులు కట్టుటకును ఆ మిగులే ముఖ్యాధారమైనది. మధురనుండి తేని, తిరునల్వేలి, కోయంబత్తూరు, పుదుచ్చేరి మొదలగుచోట్లకు ఆ సంస్థ విస్తరించినది. తిరుపతిలోను దాని ఆసుపత్రి నేడు పనిచేయుచున్నది.

రోగిని “నీకు ఎంత ఆదాయము? కాగితము చూపుము” అని అచట అడుగరు. రుసుము చెల్లించు ఆసుపత్రికి పోవలెనా, ఉచిత విభాగమునకు పోవలెనా యనునది రోగియే నిర్ణయించుకొనును. చెల్లించినవానికి ప్రత్యేకమైన గది, మెత్తని పడక లభించును. ఉచితముగ వచ్చినవాడు పెద్దగదిలో చాపమీద పరుండును. కాని శస్త్రచికిత్స చేయు వైద్యులు ఇరువైపులను వంతులవారీగా పనిచేయుదురు. తారతమ్యము పడకయందే గాని కంటియందు లేదు.

అయినను, ఒకరి రుసుముతో ఇద్దరికి వైద్యము చేయవలెనన్న, ఒక్కొక్క శస్త్రచికిత్సకు అగు ఖర్చు తగ్గవలెను. ఇచటనే వెంకటస్వామిగారి వర్తకబుద్ధి కనబడును. ఖర్చు మూడు విధముల తగ్గినది.

మొదటిది, వైద్యుని కాలము. నేత్రవైద్యుడు దొరకుట కష్టము. ఆయన కాలమే అన్నిటికంటె ఖరీదైనది. కావున శస్త్రచికిత్సగదిలో వైద్యునికి రెండు బల్లలు ఏర్పాటుచేసిరి. ఒక బల్లమీది రోగికి చికిత్స జరుగుచుండగా, రెండవ బల్లమీది రోగిని సహాయకులు సిద్ధము చేయుదురు. వైద్యుడు ఇటు ముగించి అటు తిరుగును. ఈ విధముగ అచటి వైద్యుడు సంవత్సరమునకు సుమారు 2,000 శస్త్రచికిత్సలు చేయగలుగుచున్నాడు. ఇది దేశపు సగటుకంటె అనేక రెట్లు అధికము. అన్ని ఊళ్లలోను ఒకే రుచిగల తినుబండారములను అమ్ము అమెరికా దుకాణముల పద్ధతిని చూచి, కంటిచూపును మాత్రము అట్లు ఏల అందింపరాదని వెంకటస్వామిగారు తలపోసిరి.

రెండవది, పల్లెపడుచుల శిక్షణ. చదువు ముగించిన గ్రామీణ బాలికలను ఎన్నుకొని, రెండేండ్లు శిక్షణ యిచ్చి, వారికి వేతనముపై ఉద్యోగములిచ్చిరి. చూపు పరీక్షించుట, రోగిని సిద్ధపరచుట, ధైర్యము చెప్పుట, శస్త్రచికిత్సలో వైద్యునికి అందించుట—వైద్యుడే చేయనక్కరలేని పనులన్నియు వారు చేయుదురు. రోగికి తన ఊరి భాషలో మాటలాడువారు దొరికిరి. రైతుబిడ్డకు నెలజీతము దొరికినది. ఒకే ఏర్పాటువలన రెండు మేళ్లు కలిగినవి.

మూడవది, లెన్సు. పూర్వము శుక్లము తీసివేసిన తరువాత రోగికి దళసరి కంటద్దములు ఇచ్చెడివారు. అవి పగిలినచో మరల చీకటియే. కంటిలోపలనే అమర్చు లెన్సులు వచ్చినను, విదేశములనుండి తెచ్చినవి నూరు డాలర్లకు అటు ఇటుగా ధర పలికెడివి. బీదవారికి అవి అందని ఫలములు. 1992లో అరవింద్ వారు ఆరోల్యాబ్ అను కర్మాగారమును స్థాపించి, లెన్సులను స్వయముగ తయారుచేయ నారంభించిరి. ధర పది డాలర్ల వరకు దిగినది. తరువాత ఇంకను తగ్గినది. నేడు ఆ లెన్సులు నూరు దేశములకు పైగా పోవుచున్నవి. మధురలోని ఒక కర్మాగారమువలన, ఆఫ్రికాలోని ముసలివానికిని చూపు చవుకైనది.

వెంకటస్వామిగారు 2006 జులై 7వ తేదీన స్వర్గస్థులైరి. ఆసుపత్రి ఆగలేదు. నేడు ఏటేట లక్షలకొలది శస్త్రచికిత్సలు చేయుచున్నది. వానిలో సుమారు సగము ఉచితముగనో, నామమాత్రపు ధరకో జరుగుచున్నవి. స్థాపించినవాడు పోయిన తరువాతను నిలుచుటయే వ్యవస్థకు పరీక్ష.

ఉచితమైనను ఏల రాలేదు?

ఈ కథ ఇంతటితో ముగిసినయెడల, మంచి ఆసుపత్రి కట్టిన చాలుననుకొందుము. కాని అరవింద్ వారు తమ పనిని తామే పరీక్షించుకొనగా చేదునిజము బయటపడినది. దక్షిణ భారత గ్రామములలో జరిపిన ఒక పరిశీలన 1999లో ప్రచురితమైనది. కంటి శిబిరములు ఊరిచెంతకే వచ్చినను, అవసరమున్న నూరుగురిలో ఏడుగురు మాత్రమే వానికి వచ్చిరని అందు తేలినది. తొంబదిముగ్గురు రాలేదు.

కారణములు వెదకగా అవి వైద్యములో లేవు, ఇంటిలో ఉన్నవి. “కన్ను పోవునేమో” అను భయము. “ముసలితనములో ఇది సహజమే” అను నమ్మకము. వెంట పోవువాడు ఒక దినపు కూలి పోగొట్టుకొనవలెను. బస్సు ఖర్చు, తిండి ఖర్చు ఉండును. కోతలకాలమున ఇంటిలో ఎవరికిని తీరిక ఉండదు. ఆడువారి విషయమున ఇంకొక చిక్కు: ఆమెను తీసికొనిపోవలెనని నిర్ణయించువారు వేరొకరు. చికిత్సకు ధర లేకపోయినను, చికిత్సవద్దకు చేరుటకు ధర ఉన్నదన్నమాట.

ఈ సత్యమును గ్రహించిన పిమ్మట రెండు మార్పులు బలపడినవి. ఒకటి, రోగులను గ్రామమునుండి బస్సులో కలిపి తీసికొనిపోయి, భోజనము, బస కల్పించి, చికిత్సయైన పిదప తిరిగి దింపుట. ఒంటరిగ పోవుటకు భయపడు ముసలమ్మ ఇరుగుపొరుగువారితో కలిసి నవ్వుచు పోవును. రెండవది, 2004 మొదలుకొని పల్లెలకు దగ్గరలో చిన్న దృష్టికేంద్రములను నెలకొల్పుట. శిబిరము ఏడాదికి ఒకటి రెండుమార్లు వచ్చి పోవును. దృష్టికేంద్రము నిత్యము తెరచియుండును. అచటి సహాయకురాలు కంటిని పరీక్షించి, దూరమున ఆసుపత్రిలోనున్న వైద్యునికి తెరమీద చూపించి, సలహా గైకొనును. కంటద్దములతో సరిపడువానికి అచటనే అద్దములిత్తురు. శస్త్రచికిత్స కావలసినవానిని మాత్రమే ఆసుపత్రికి పంపుదురు.

తెలుగునాట ఇదే బాట

ఇట్టి కృషి మన యొద్దను జరిగినది. కృష్ణాజిల్లా బిడ్డ, అమెరికాలో పేరుపొందిన నేత్రవైద్యులు డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్వదేశమునకు వచ్చి, 1987లో హైదరాబాదున ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞానసంస్థను ఆరంభించిరి. ప్రసిద్ధ చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబము భూమిని, ధనమును ఇచ్చినది. ఇచటను చెల్లింపగలవారి రుసుముతో చెల్లింపలేనివారికి ఉచిత వైద్యము జరుగుచున్నది.

ఈ సంస్థవారు గ్రామీణ సేవను మెట్లుమెట్లుగా కట్టిరి. ఆదిలాబాదు ప్రాంతమందలి ముధోల్‌లో 1996లో తొలి గ్రామీణ కంటి ఆసుపత్రి వెలసినది. ఐదువేల జనాభాకు ఇల్లిల్లు తిరిగి చూచు ఒక దృష్టిరక్షకుడు. ఏబదివేలకు ఒక దృష్టికేంద్రము. ఐదులక్షలకు శస్త్రచికిత్స చేయు ఒక చిన్న ఆసుపత్రి. ఆపైన పెద్ద ఆసుపత్రి—ఇది వారి ప్రణాళిక. దృష్టికేంద్రములో కూర్చుండునది ఆ ప్రాంతమున చదువుకొని శిక్షణ పొందిన యువతీయువకులే. పొలము గట్లవలె ప్రతి మెట్టునకు ఒక హద్దు ఉన్నది: క్రిందిమెట్టున జరుగు పనికై రోగి పైమెట్టునకు పోనక్కరలేదు.

ప్రభుత్వములును ఈ దారిని నడచినవి. తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 15వ తేదీన ‘కంటి వెలుగు’ను ఆరంభించి ఊరూర పరీక్షలు జరిపి కంటద్దములు పంచినది; 2023లో రెండవ విడత నడపినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో ఇట్టి కార్యక్రమమునే బడిపిల్లలతో ఆరంభించినది. చిన్న సంస్థ కనిపెట్టి నిరూపించిన పద్ధతి ప్రభుత్వముచేతిలో పడినప్పుడు, అది వేలకొలది గ్రామములకు వ్యాపించును. సంఘహిత వ్యవస్థాపకుడు ప్రభుత్వమునకు మారు కాడు, దారి చూపువాడు.

ఒక హెచ్చరిక

సేవ యను పేరు పెట్టుకొని వచ్చినదెల్ల సేవ కాదు. దీనికి అప్పుల కథ నిదర్శనము.

అరవింద్ పుట్టిన 1976లోనే బంగ్లాదేశములో, చిట్టగాంగు చెంతనున్న జోబ్రా గ్రామమున, ముహమ్మద్ యూనస్ అను ఆర్థికశాస్త్ర ఆచార్యుడు, వెదురుపీటలు అల్లు స్త్రీలు మొదలుగాగల 42 మంది వడ్డీవ్యాపారుల కోరలలో చిక్కుకొనుట చూచెను. వారందరి అప్పు కలిపి 856 టాకాలు మాత్రమే. ఆయన దానిని తన జేబునుండి ఇచ్చెను. అది పెరిగి 1983లో గ్రామీణ బ్యాంకైనది. అప్పు తీసికొను స్త్రీలే ఆ బ్యాంకులో అధికభాగమునకు యజమానులు. 2006లో యూనస్‌కు, బ్యాంకుకు కలిపి నోబెల్ శాంతి బహుమతి లభించినది.

ఈ పద్ధతి మన రాష్ట్రమునకును వచ్చినది. పొదుపు సంఘములలో అలవాటుపడిన మన స్త్రీలకు అప్పులిచ్చుటకు ప్రైవేటు సూక్ష్మఋణ సంస్థలు పోటీపడినవి. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పిచ్చినవి. ఆ అప్పుతో గేదెను కొనిరా, పాత అప్పు తీర్చిరా యని అడిగినవారు లేరు. వారమువారము వాయిదా వసూలు చేయుటకు ఇంటిముందు కూర్చుండి, పదిమంది యెదుట అవమానించిన సంఘటనలు జరిగినవి. 2006లో కృష్ణాజిల్లాలో అలజడి రేగినది. 2010లో అప్పుల బాధతో ఆత్మహత్యలు జరిగినవను వార్తలు రాష్ట్రమును కలచివేసినవి. ఆ యేటి అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, సంస్థలు నమోదు కావలెననియు, వసూలు ఇంటివద్ద గాక గ్రామపంచాయతీ కార్యాలయమునందో, నిర్ణయించిన బహిరంగస్థలమునందో జరుగవలెననియు శాసించినది. వసూళ్లు నిలిచిపోయినవి, సంస్థలు నష్టపోయినవి, నిజముగ అప్పు అవసరమైన స్త్రీకి కూడ కొంతకాలము అప్పు పుట్టలేదు.

పనిముట్టు ఒకటే: చిన్న అప్పు. జోబ్రాలో అది సంకెల విప్పినది. ఇచట కొందరికి క్రొత్త సంకెలయైనది. భేదమెచట? ఎన్ని అప్పులిచ్చితిమని లెక్కించినవారు, ఆ అప్పువలన ఎన్ని ఇండ్లు నిలబడినవని లెక్కింపలేదు. అరవింద్ వారు శస్త్రచికిత్సలను లెక్కించుటయే గాక, రానివారిని కూడ లెక్కించిరి. రాని తొంబదిముగ్గురిని లెక్కించుటయే వారిని దృష్టికేంద్రములకు నడిపించినది.

పంచాయతీ ఏమి అడుగవలెను?

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ఆరోగ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు చేరియున్నవి. కావున ఊరిలో సేవ చేయుదుమని ఏ సంస్థ వచ్చినను, స్వాగతించు హక్కును, ప్రశ్నించు హక్కును పంచాయతీకి కలవు. మేము ఐదు ప్రశ్నలను సూచించుచున్నాము.

1. ఈ పనివలన ఎవరికి మేలు? ఊరిలో అందరికంటె పేదవారికి, ఒంటరి స్త్రీకి అది అందునా?

2. ఖర్చు ఎవరు భరింతురు? ఉచితమన్నచో డబ్బు ఎచటినుండి వచ్చును? రుసుము ఉన్నచో ముందుగనే చెప్పుదురా?

3. సంస్థ రేపు వెడలిపోయినచో ఊరిలో ఏమి మిగులును? శిక్షణ పొందిన మనిషి మిగులునా, గోడమీది ప్రకటన మిగులునా?

4. కీడు జరిగినచో బాధ్యులెవరు? చికిత్స పొందిన కన్ను ఎఱ్ఱబడినను, నొప్పిపెట్టినను, చూపు తగ్గినను వెంటనే ఎవరికి తెలుపవలెను?

5. లెక్కను గ్రామసభలో చదివి వినిపింతురా? ఎందరు వచ్చిరో గాక, ఎందరు రాలేదో కూడ చెప్పుదురా?

ఈ ప్రశ్నలకు మంచి సంస్థ నొచ్చుకొనదు. నొచ్చుకొన్నచో జాగరూకులై యుండవలెను.

పంచాయతీ ఏమి చేయవలెను?

అడుగుటతో పని తీరదు. ఆసుపత్రి చేయలేనివి, పంచాయతీయే చేయగలిగినవి కొన్ని కలవు.

ప్రతి వార్డు సభ్యుడును ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని, తన వార్డులో ఏబదియేండ్లు దాటిన చూపు మందగించినవారి పేర్లు వ్రాయవలెను. ఎడముగ నిలిచి వ్రేళ్లు చూపి, ఎన్నియని అడిగినచో ఎవరిని పరీక్షకు పంపవలెనో కొంత తెలియును. నిర్ణయము మాత్రము కంటిపరీక్ష తెలిసినవారిదే. ఒక కన్ను కనబడుచున్నదని రెండవకంటిని విడిచిపెట్టరాదు. బడిలో నల్లబల్ల కనబడని పిల్లలను ఉపాధ్యాయునిచేత గుర్తింపజేయవలెను.

ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునితో మాటలాడి, సమీపమున ఏ ప్రభుత్వ ఆసుపత్రి లేక ధర్మాసుపత్రి శస్త్రచికిత్స చేయునో తెలిసికొని, ఒక దినము నిశ్చయించి, పదిమందిని కలిపి పంపవలెను. కోతలు, నాట్లు లేని దినములను ఎంచుకొనవలెను. వెంట ఇంటికొకరు పోవుటకు మారుగ, ఊరికి ఇద్దరు స్వయంసేవకులు పోయినచో కూలి నష్టము తప్పును. పరీక్ష ఊరిలో జరుగవచ్చును గాని, శస్త్రచికిత్స బడిగదులలో, చావడులలో జరుగనీయరాదు, ఆసుపత్రిలోనే జరుగవలెను.

భయము పోగొట్టుటకు అధికారి ఉపన్యాసముకంటె, చూపు వచ్చిన మనిషి మాట బలమైనది. చికిత్స పొంది వచ్చిన తాతను గ్రామసభలో మాటలాడింపవలెను. అదేసమయమున అసత్యమును చెప్పరాదు. నీటికాసులవలన పోయిన చూపు తిరిగి రాదు; ముందుగ కనుగొన్నచో మిగిలిన చూపును కాపాడవచ్చును. అన్ని కన్నులకు చూపు వచ్చునని మాట యిచ్చి, ఒకరికి రానిచో మిగిలినవారు రారు.

ఊరిలో వాడుకలో లేని పంచాయతీ గది ఉన్నచో, దృష్టికేంద్రము పెట్టుదుమన్న సంస్థకు ఉపయోగించుకొననీయవచ్చును. గ్రామసభ అంగీకారముతో, వ్రాతపూర్వకమైన షరతులతో ఇయ్యవలెను. అచట శిక్షణకు మన ఊరి చదువుకొనిన పిల్లలను తీసికొనుమని కోరవలెను.

చివరి మాట

సంఘహిత వ్యవస్థాపకులను మనము తయారుచేయలేము. వెంకటస్వామిగారివంటివారు ఊరికొకరు పుట్టరు. కాని అట్టివారు కట్టిన వ్యవస్థ మన ఊరి పొలిమేరవరకు వచ్చి ఆగిపోవుచున్నది. పొలిమేరనుండి అరుగువరకు గల దూరము పంచాయతీది. ఆ దూరమును ఏ మధుర వైద్యుడును, ఏ హైదరాబాదు సంస్థయు నడువజాలదు. ఆ ముసలమ్మ పేరు తెలిసినవారు, ఆమె కొడుకుతో మాటలాడగలవారు, ఆమె భయమేమో ఎఱిగినవారు మీరే.

రాబోవు పంచాయతీ సమావేశమున ఒక క్రొత్త పుస్తకము తెరచి, వార్డులవారీగ పేర్లు వ్రాయుట ఆరంభింపుడు. ప్రతి పేరునకు ఎదురుగ మూడు గడులు గీయుడు: పరీక్ష జరిగినదా, చికిత్స జరిగినదా, చూపు వచ్చినదా. మూడవ గడి నిండినంతవరకు ఆ పేరును కొట్టివేయకుడు. సంవత్సరాంతమున ఆ పుస్తకమును గ్రామసభలో చదువుడు. మీ గ్రామమున ఎంత సంఘప్రయోజనము కలిగినదో తెలుపుటకు అంతకుమించిన లెక్క వేరొకటి లేదు.